ఇల్లు పూర్తయితే మన ఇల్లు పోతుంది

(డిసెంబరు 6, డాక్టర్ అంబేద్కర్ వర్ధంతి సాయంత్రం ఫిల్మ్‌నగర్ దిగువన ఉన్న ఒక బస్తీ కమ్యూనిటీ హాలులో ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం ‘అంబేద్కర్ - పట్టణ దళితులు’ అని కరపత్రంలో అచ్చేశారు. పెద్ద మాట. దాని మీద నాకంటే బాగా మాట్లాడేవాళ్లు ఈ వేదిక మీదనే ఉన్నారు. నేను బడిపంతుల్ని, సోషల్ చెప్తాను. అందుకని ఉపన్యాసం కాకుండా మా ఎనిమిదో తరగతి పిల్లలు గీసుకొచ్చిన బొమ్మల గురించి చెప్తాను. వాటిల్లో మీ పిల్లలవి కూడా ఉన్నాయి. ఆఖర్న మిమ్మల్ని ఒకటి అడిగేది ఉంది. అది అడగడానికే వచ్చాను. అందుకని మధ్యలో లేవొద్దు.

పోయిన నెల పటాల పాఠం మళ్లీ ఒకసారి చెప్పిన. పుస్తకంలో ప్రపంచ పటం ఉంటది, దేశం పటం ఉంటది. మా పిల్లలకు నైలు నది ఎక్కడుందో తెలుసు. అయితే మీరుండే చోటు గీయండ్రా, ఇంటి నుంచి బడిదాకా దారి గీయండి, దారిలో ఏమేం కనపడితే అవన్నీ పెట్టండి అని ఇంటిపని ఇచ్చిన. తెల్లారి తెచ్చిండ్రు. నేను అన్నం తినకుండా ఆ కాగితాలే చూస్తూ కూర్చున్న.

అన్నీ ఉన్నయ్ వాటిల్లో. చాయ్ బండి, చికెన్ సెంటరు, ట్రాన్స్‌ఫార్మర్ కింద పడుకునే కుక్కలు, నీళ్ల ట్యాంకరు ఆగే మూల, మెట్రో స్తంభాలు, పెద్దమ్మ గుడి గోపురం. మన బస్తీ చర్చి మీద డిసెంబరు పడంగనే కట్టే కాగితపు నక్షత్రం. ఒకడైతే మోరీ ఎక్కడెక్కడ పొంగుతదో అక్కడల్లా నీలం రంగు వేసిండు. కానీ ఒక్క పెద్ద ఇల్లు కూడా లేదు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఇండ్లు ఉండాల్సిన చోటల్లా గేట్లున్నయ్. నల్ల గేటు, పైన ఇనుప మొనలు, పక్కన కెమెరా, ప్లాస్టిక్ కుర్చీలో మఫ్లర్ చుట్టుకున్న వాచ్‌మన్. గేటు వెనక తెల్ల కాగితం!

“ఇండ్లేవిరా?” అంటే “కనబడవు సార్, గోడ ఉంటది” అన్నరు.

ఇద్దరు ఆడపిల్లలు మాత్రం లోపలిది కూడా గీసిండ్రు. వాళ్ల అమ్మలు ఆ ఇండ్లల్ల పనిచేస్తరు. సెలవులప్పుడు ఈ పిల్లలు కూడా సాయం పోతరు. ఆ బొమ్మలు వెనకనుంచి మొదలైతయ్. పక్కసందు, చిన్న గేటు, ఇనుప మెట్లు, గిన్నెలు తోమే చోట నల్లా, బట్టలారేసే తీగ, వంటిల్లు, పనోళ్లెక్కే వేరే లిఫ్టు. ఒకామె ఆ నల్లా పక్కన ‘చన్నీళ్లు’ అని రాసింది. ముందరి గది ఉండే చోట మళ్లీ తెల్ల కాగితమే. “ఇదెందుకు వదిలినవ్ బిడ్డా?” అంటే, “అటు మేం పోం సార్” అంది. ఎవరూ పోవద్దని చెప్పినట్టు కూడా అనలేదు. మేం పోం, అంతే.

ఊరికి పటం గీస్తే ఎట్లుంటదో మనందరికీ తెలుసు. నడుమ ఊరు, తూర్పునో దక్షిణాన్నో వాడ. ఊరు విడిచి పట్నానికి పోండి, అక్కడ మిమ్మల్ని కులంతో పోల్చుకునేవాళ్లు తక్కువుంటారు అని బాబాసాహెబ్ ఆశపడ్డాడు. ఆ ఆశ అబద్ధం కాదు. నా ఉద్యోగం, ఈ మైకు ముందు నా నిలబడటం ఆ ఆశలోనుంచి వచ్చినవే. కానీ పదమూడేళ్ల పిల్ల గీసిన కాగితంలో ఊరూ వాడా అట్లనే దిగినయ్. కాకపోతే ఊళ్లో అడ్డంగా ఉండేది, ఇక్కడ నిలువుగా ఉంది. కొండమీద వాళ్లు, కొండకింద మనం. ఒక్క ఇంట్లోనే తీసుకున్నా మీది అంతస్తు వాళ్లది, సెల్లారు మనది.

బొమ్మలు చూసినంక నాకే సిగ్గనిపించింది. ఇన్నేండ్లుగా ఈ దిక్కున పనిచేస్తున్న, కొండ మీద కాళ్లతోటి నడిచింది లేదు. పోయిన ఆదివారం పొద్దున ఐదున్నరకు చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి, కేబీఆర్ పార్కు పక్కనుంచి బంజారాహిల్స్ దాకా పోయి, మళ్లీ ఫిల్మ్‌నగర్ దాకా నడిచిన. మంచు దిగి వీధిలైట్లు పసుపచ్చగా మసకగా ఉన్నయ్. పార్కు లోపల నెమళ్లు అరుస్తున్నయ్. ఆ టైముకు రోడ్డు మీద రెండు రకాల మనుషులుంటరు. బూట్లేసుకొని, ఉన్ని టోపీ పెట్టుకొని కొవ్వు కరిగించడానికి నడిచేవాళ్లు ఒక రకం. మెరిసే జాకెట్టు మీదేసుకొని, చెవులకు తువ్వాల కట్టుకొని, పొడుగు చీపురుతో రాలిన ఆకులు ఊడ్చేవాళ్లు ఇంకో రకం. ఊడ్చే అక్క ఒకామె నన్ను చూసి “ఏం సారూ, షుగరా?” అంది. లేదక్కా, ఊరికే చూద్దామని వచ్చిన అన్న. “ఏం జూస్తవ్, గోడలేనాయె” అంది. నా ప్రసంగం సగం ఆమే చెప్పేసింది.

గేట్ల ముందర వాచ్‌మన్లు చిన్న చిన్న మంటలు వేసుకొని కూర్చున్నరు. కట్టెలేడ దొరుకుతయ్? అట్టపెట్టెలు కాలుస్తున్నరు. ఫ్రిజ్ పెట్టె, టీవీ పెట్టె, పిల్లల సైకిలు పెట్టె. ఏ ఇంట్ల ఏం కొన్నరో ఆ మంట చూసి చెప్పొచ్చు. నేను కూడా ఒక మంట దగ్గర చేతులు కాచుకున్న. ఆయనది దేవరకొండ దిక్కు తండా. పేరు అడిగితే చెప్పిండు గానీ ఇక్కడ చెప్పను, ఆయన కొలువుకు ఎసరు వస్తది.

లంబాడీ ఆయన బంజారాహిల్స్‌లో గేటు కాస్తున్నడు! ఈ కొండకు పేరొచ్చిందే వాళ్లవల్ల. ఈ గుట్టల మీద, రాళ్ల మధ్యన బంజారాలు ఉండేవాళ్లు. 1930లలో నిజాం సర్కారు అధికారి మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడ మొదటిసారి ఇల్లు కట్టుకొని దానికి ‘బంజారా భవన్’ అని పేరు పెట్టుకున్నాడు. పెద్ద మనిషే, కాదనను. తర్వాత గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరయ్యాడు, మన క్యాన్సర్ ఆసుపత్రికి ఆయన పేరే ఉంది. బండలను పగలగొట్టకుండా వాటిని కలుపుకొనే ఇల్లు కట్టాడంటారు. అయినా సంగతేమిటి? పేరు బంజారాలది, ఇల్లు నవాబుది. బంజారాలకు అసలు బంజారా భవన్ ఇదే బంజారాహిల్స్ పది నంబరు రోడ్డులో రావడానికి 2022 సెప్టెంబరు 17 దాకా పట్టింది. సంతు సేవాలాల్ పేరున, పక్కనే కుమ్రం భీం పేరున ఆదివాసీ భవన్‌తో పాటు కట్టారు. మంచిదే. కానీ అది సభలకు, ఉత్సవాలకు. రాత్రి పడుకోవడానికి ఆ వాచ్‌మన్‌కు సెల్లారే గతి.

జూబ్లీహిల్స్ కథ వేరే. 1960లలో సహకార గృహ నిర్మాణ సంఘం పెట్టి, బీడు గుట్టను ప్లాట్లు కోసి సభ్యులకిచ్చారు. సహకారం అనే మాట చూడండి ఎంత ముద్దుగా ఉందో. ఎవరు ఎవరికి సహకరించారో గేట్ల మీది పేర్లు చదువుకుంటూ పోతే తెలిసిపోతుంది. పాలరాతి మీద, నల్ల గ్రానైటు మీద చెక్కించుకున్న పేర్లు చూస్తుంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భూమి ఎవరి చేతిలో ఉండిందో ఆ పాఠమంతా నడిచినట్టే. ఇప్పుడు కట్టేవాళ్లు పేర్లు కూడా పెట్టడం లేదు, ఉత్త నంబరే. దాన్ని చూసి కులం పోయిందనుకునేరు. గోడ రెండు వరసలు పెరిగింది, అంతే.

ఇంక రాయి సంగతి. నాకు గొంతు పట్టుకునేది ఇక్కడే.

ఈ బండలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివని నేను క్లాసులో చెప్తుంటాను. వాటిని పగలగొట్టింది మాత్రం మొన్న. మా అయ్య ఆ పనికి వచ్చిండు. 1980లలో కరువొచ్చినప్పుడు మా వాడ మొత్తం లేచింది. గుండ్లకు వరసగా బొక్కలు తొలిచి, ఇనుప చీలలు దిగ్గొట్టి చీల్చేది వడ్డెరవాళ్లు. చీల్చిన రాయిని మోసేది మావాళ్లు, పాలమూరు వాళ్లు. మా అమ్మ నెత్తిమీద తట్ట. కట్టే ఇంటి పక్కన్నే రేకుల గుడిసె. ఇల్లు పూర్తవుతుంటే అందరూ సంబరపడతరు గదా, మా అమ్మ మాత్రం గిలాబు పని మొదలుపెట్టిన్రంటే గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టేదట. గిలాబు అయితే రంగులు, రంగులైతే గృహప్రవేశం, గృహప్రవేశమైతే మన గుడిసె పీకుడు. ఇట్ల ఎన్ని గుడిసెలు మారినరో వాళ్లకే లెక్క లేదు. అందుకే నన్ను తమ వెంట ఉంచుకోలేదు. ఊళ్లె మా అవ్వ దగ్గర వదిలి, తర్వాత సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చేర్పించిండ్రు. ఆ హాస్టల్ చారు నీళ్లను తిట్టని రోజు లేదు, కానీ దానివల్లనే మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేనైన. నా వెనక పుట్టిన తమ్ముడు అమ్మ చంకలో గుడిసె గుడిసెకూ తిరిగిండు. వానికి నాలుగో తరగతితో బడి ఆగింది. తెలివిలో వాడు నాకంటే ఒక ఆకు ఎక్కువే చదివినోడు.

అట్లా తిరిగిన వాళ్లలో కొందరు వాగు పక్కన, గుట్ట వాలున ఎక్కడ జాగా దొరికితే అక్కడ నిలబడ్డారు. మన బస్తీలు అట్లా పుట్టినవే. బంజారాహిల్స్‌లో దేవరకొండ బస్తీ అని పేరే ఉంది, మా దిక్కు జనం మూటాముల్లెతో పాటు ఊరి పేరు కూడా మోసుకొచ్చారు.

ఇక ఫిల్మ్‌నగర్. మీలో సగం మంది అన్నం పుట్టేది అక్కడే కాబట్టి జాగ్రత్తగా మాట్లాడుతాను. తెలుగు సినిమా మద్రాసులో ఉండేది. దాన్ని ఇక్కడికి రప్పించడానికి ప్రభుత్వాలు స్థలాలిచ్చాయి, రాయితీలిచ్చాయి. 1970ల నడుమ అక్కినేని నాగేశ్వరరావు ఈ గుట్టల మీదనే అన్నపూర్ణ స్టూడియో కట్టారు. ఆ తర్వాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు, ఫిల్మ్‌నగర్ ఇళ్లు. తారలు కొండమీద, లైట్‌మెన్, సెట్ పనివాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు కింద కృష్ణానగర్, ఇందిరానగర్, మన బస్తీలు. కార్మికులకు ఇండ్లంటూ చిత్రపురి కాలనీ పెట్టారు గానీ అది కొండ మీద కాదు, మణికొండ దిక్కు. దానికోసం కూడా ఏళ్లూ పూళ్లూ ఎదురు చూడాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో 30 శాతం వేతనం పెంచమని కార్మికులు సమ్మె చేస్తే షూటింగులు రెండు వారాలకు పైగా ఆగిపోయాయి. ఆ రోజుల్లో ఈ బస్తీలో కిరాణా బాకీలు ఎట్లా పెరిగాయో మీరే నాకు చెప్పారు.

ఇప్పుడు డిసెంబరు. సంక్రాంతి సినిమాలకు ఆఖరి పనులు నడుస్తున్నాయి. మన బస్తీ పిల్లగాడొకడు, నా పాత విద్యార్థే, సెట్ పనికి పోతడు. పల్లెటూరి సెట్టు వేశామని ఫోన్లో ఫొటోలు చూపించిండు. ఎంత అందంగా ఉంది! రచ్చబండ, పక్కన గుడి, నాలుగు పక్కలా అరుగులున్న పెద్దమనిషి మేడ, ముగ్గులు, గొబ్బెమ్మలు, గడ్డివాములు. చెక్క మీద ప్లాస్టరు కొట్టి రంగులేస్తే నిజం గోడే అనిపిస్తది. నేను జూమ్ చేసి చేసి చూసి, “మన వాడ ఏదిరా?” అని అడిగిన. వాడు నవ్విండు. “సెట్టులో వాడ ఉండదు సార్” అన్నడు. ఆ ఊరు కట్టింది వాడలోనుంచి వచ్చినోడే, కట్టిన ఊళ్లో వాని వాడ లేదు. ఊళ్లో అయితే కనీసం తూర్పున ఒక మూల ఉంచారు. సినిమావాళ్లు ఆ మూల కూడా తీసేసి ఊరిని శుద్ధి చేశారు.

మనవాళ్లు తెరమీద లేనే లేరా అంటే ఉన్నారు. 1938లోనే ‘మాలపిల్ల’ వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం తీశాడు, కథ చలానిది, ఆ రోజుల్లో అది పెద్ద ధైర్యమే, ఒప్పుకోవాలి. కానీ డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు, మాలపిల్లగా వేసింది కాంచనమాల. మన కథకు కూడా ముఖం వేరేవాళ్లదే. 1985 జూలై 17న కారంచేడు జరిగింది, 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఆ ఊళ్లను సెట్టు వేసి చూపించమంటే ఎంతమంది ముందుకొస్తారు? ఈమధ్య ‘పలాస 1978’ లాంటివి ఒకటీ అరా వస్తున్నాయి, మన బాధ మన నోట పలుకుతున్నాయి, సంతోషం. నేనంటున్నది తారల గొడవ కాదు. సెట్టులోనూ, మా పిల్లల పటంలోనూ చెరిపేసింది ఒకే చోటును అంటున్నాను.

అద్దె ఇంటి సంగతి కూడా చెప్పి అసలు విషయానికి వస్తాను. ఆరేండ్ల కింద బడికి దగ్గరగా ఉందామని కొండ మీది వాలులో ఒక ఇల్లు చూసిన. పోర్షను నచ్చింది, అడ్వాన్సు లెక్క కూడా కుదిరింది. ఓనరమ్మ చాయ్ ఇచ్చింది. గవర్నమెంటు టీచరంటే మర్యాదే. చాయ్ సగంలో ఉండగా “మీరేమిట్లండీ?” అంది. చెప్పిన. నేను చదువు చెప్పేవాణ్ణి, పిల్లల ముందు ఒక తీరు, ఓనర్ల ముందు ఒక తీరు ఎట్ల ఉంటా? ఆమె ఏమీ అనలేదు. తెల్లారి, మా చెల్లెలు వాళ్లు దిగుతున్నారని ఫోనొచ్చింది. ఆ పోర్షనుకు ‘టు లెట్’ బోర్డు ఇంకో రెండు నెలలు అట్లనే ఉంది.

1917లో బాబాసాహెబ్ అమెరికా చదువు చదివొచ్చి బరోడా సంస్థానంలో కొలువుకు చేరితే ఉండటానికి చోటు దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు పెట్టుకొని దాక్కున్నట్టు ఉన్నాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. ఎక్కడికి పోవాలో తెలియక కామాటీ బాగ్ తోటలో కూర్చొని ఏడ్చాడు. నాకు కర్రలు చూపించలేదు. చాయ్ ఇచ్చి పంపారు. వందేళ్లలో వచ్చిన మార్పు ఇది, తక్కువదని కూడా అనను.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను.

ఆ పటాల్లో ఒకటి వేరే తీరుగా ఉంది. మా క్లాసు ఆడపిల్ల ఒకామె బడి గీసింది, దారి గీసింది, చాయ్ బండి గీసింది. తన ఇంటి దగ్గర ఏమీ గీయలేదు, ప్రశ్నార్థకం పెట్టింది. పిలిచి అడిగితే, “మాది సెల్లారు సార్. మీద బిల్డింగు మాది గాదు. వచ్చే నెల ఆ సెల్లారు కూడా మాది గాదు” అంది. పోయి చూసిన. కొండ వాలున ఐదంతస్తుల అపార్టుమెంటు. గిలాబు అయిపోయింది, టైల్స్ పరుస్తున్నరు. కింద కార్లు పెట్టే చోట ప్లైవుడ్ ముక్కలు అడ్డం పెట్టుకొని నాలుగు కుటుంబాలు. రెండు మాదిగ కుటుంబాలు, ఒకటి లంబాడీ, ఒకటి ఒడిశా నుంచి వచ్చిన వాళ్లది. బడికొచ్చే పిల్లలు ఆరుగురు, అందులో ముగ్గురు ఆడపిల్లలు. సిమెంటు నేల చలికి రాత్రి నిద్ర పట్టదట. పొద్దున నా క్లాసులో నిద్రపోతే ఇన్నాళ్లూ నేను బెంచీ ఎక్కించిన. ఈ మాట ఇక్కడ ఒప్పుకుంటున్న.

ఓనర్లు మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నరట. అంటే సంక్రాంతి దాటినంక కొద్దిరోజులే. మా పిల్లల చదువు ఎప్పుడు ఆగాలో కూడా పంచాంగమే చెప్తున్నది! వార్షిక పరీక్షలు ఏప్రిల్లో. ఇంకో కొత్త సైటు ఎక్కడ దొరుకుతదో, కోకాపేటనో, శంకర్‌పల్లినో. అక్కడికి పోయి మళ్లీ బళ్లో చేరుతరా? విద్యాహక్కు చట్టం ఏ నెలలో వచ్చినా చేర్చుకోమంటుంది. కాగితం మీద నిజమే. పదిహేనేండ్ల సర్వీసులో నేను చూసింది, నడుమ పోయిన పిల్లల్లో మళ్లీ ఇంకో రిజిస్టర్లో పేరెక్కేది తక్కువ.

2025 నవంబరు దాకా 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ఉండేది. పని నడిచినంతకాలం కార్మికులకు సైటులోనో, దగ్గరలోనో ఉచితంగా ఉండే చోటు యజమాని ఇవ్వాలని అందులో ఉండేది. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు సంక్షేమ బోర్డుకు కట్టాలని దానికి తోడుగా ఇంకో చట్టం ఉండేది. ఏడాదిలో 90 రోజులు పని చేసిన, 18 నుంచి 60 ఏండ్ల లోపు వాళ్లెవరైనా బోర్డులో పేరు రాయించుకోవచ్చు. ఇక్కడున్న మేస్త్రీలు, కూలీలు ఎంతమంది రాయించుకున్నరో చేతులెత్తండి... చూసిండ్రా? ఆదివారం బడి దగ్గరికి రండి, ఫారాలు నేను నింపుతా. కానీ ఆ చట్టం కూడా పని నడిచినంతవరకే. పనయిపోయిన తెల్లారి ఆ మనిషి ఎక్కడ పండుకోవాలో చట్టంలో లేదు.

ఆ నాలుగు కుటుంబాలకు ఏప్రిల్ ఆఖరుదాకా ఈ బస్తీలో చోటు కావాలి. ఇద్దరు పిల్లలకు హాస్టల్ కోసం తిరుగుతున్న, అయితే అయింది. మిగతావాళ్లకు రెండు రూములు చాలు. అద్దె మా బడి టీచర్లం కొంత వేసుకుంటం, వాళ్లు కూడా కూలి చేసుకునేవాళ్లే, కడతరు.

పోయిన వారం ఈ మాటే ఈ బస్తీలో నలుగురిని అడిగిన. ఇద్దరు మంచిగ మాట్లాడిండ్రు. మూడో ఇంట్ల అడిగిన మొదటి ప్రశ్న ఏందో తెలుసా? “వాళ్లు ఏమిట్లు సార్?” నాలుగో ఇంట్ల “లంబాడోళ్లయితే వద్దు” అన్నరు. ఆ రెండిండ్లల్లో కూడా గోడ మీద అంబేద్కర్ ఫొటో ఉంది, దండ కూడా తాజాది. నాకు ఆ ఓనరమ్మ చాయ్ గుర్తొచ్చింది. మాల ఇంట్ల మాదిగకు, మాదిగ ఇంట్ల మాలకు రూము తేలిగ్గా దొరకదని మనకు తెలియంది కాదు. వర్గీకరణ మీద మన మధ్య కొట్లాట ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2025 ఏప్రిల్ 14 నుంచి మన రాష్ట్రంలో అమలైంది. దానిమీద ఎవరి వాదం వాళ్లకు ఉంటుంది, నాకూ ఉంది. ఆ వాదం ఇంకో సభలో తెల్లార్లు చేద్దాం, నేనొస్తా. ఈ ఆరుగురు పిల్లల పరీక్షలకు దానికి సంబంధం లేదు.

సభ అయినంక నేను హాలు గేటు దగ్గర ఉంటా. రూము ఉన్నవాళ్లు, రూము లేకున్నా ఒక అర్ర అడ్డం కట్టి ఇవ్వగలిగినవాళ్లు నాకు చెప్పండి. ఇక్కడ చెప్పడం మొహమాటమైతే రేపు బడికి రండి, తొమ్మిదిన్నరకు ముందు. ఆ అమ్మాయి పటం నా సంచిలోనే ఉంది, చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు. ప్రశ్నార్థకం పెన్సిలుతోటే పెట్టింది.

జై భీమ్.